మొదటి విదేశీ ప్రయాణం: అత్తమ్మ మోకాళ్లను బట్టి దేశాన్ని ఎంచుకోండి

ప్రశ్న: మాది హనుమకొండ. నేను ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని, మావారిది ప్రైవేటు ఉద్యోగం. అత్తమ్మకు 66 ఏళ్లు. మోకాళ్ల నొప్పులున్నాయి, పూర్తి శాకాహారి. మామయ్యకు 71 ఏళ్లు, షుగర్, బీపీ ఉన్నాయి. పాప తొమ్మిదో తరగతి, బాబు నాలుగో తరగతి. చిట్టి డబ్బు, దాచుకున్నది కలిపితే ఆరు లక్షలుంది. వచ్చే సంక్రాంతి సెలవుల్లో ఆరుగురం కలిసి మొదటిసారి విదేశం పోవాలని ఆశ. మా తమ్ముడు దుబాయ్‌లో ఒక కంపెనీలో పనిచేస్తాడు, అక్కడికే రమ్మంటాడు. పిల్లలు సింగపూర్ అంటున్నారు. మావారి స్నేహితులు బాలి, థాయ్‌లాండ్ అంటున్నారు. ట్రావెల్స్ వాళ్లేమో ఏడు రోజుల్లో సింగపూర్, మలేషియా, థాయ్‌లాండ్ మూడూ చూపిస్తామంటున్నారు. అత్తమ్మను అడిగితే ‘నాకేం ఎరుక బిడ్డా, మీరు ఎటు తీస్కపోతే అటే’ అంటున్నారు. ఎవరికీ పాస్‌పోర్టు లేదు. ఎటు పోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?
ఒక టీచర్, హనుమకొండ

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో అందరి కోరికలూ ఉన్నాయి, అత్తమ్మ కోరిక ఒక్కటే లేదు. ఆమె వద్దనలేదు, ఫలానా చోటు కావాలనీ అనలేదు. ఆ వయసు ఆడవాళ్లు చాలామంది తమ కోసం నోరు తెరిచి ఏదీ అడగరు. అలసిపోయినా చెప్పరు, ఆకలైనా చెప్పరు. పరాయి దేశంలో ఆ మొహమాటమే పెద్ద ఇబ్బంది అవుతుంది. అందుకే నేను ఆమె దగ్గర్నుంచే మొదలుపెడతాను. ఇంటిల్లిపాదీ కలిసి పోయేటప్పుడు, అందరిలో ఎవరు తక్కువ నడవగలరో, ఎవరికి తిండి దొరకడం కష్టమో వాళ్లను బట్టి దేశాన్ని ఎంచుకోవాలి. మిగతావాళ్లు ఎక్కడైనా సర్దుకుంటారు. అత్తమ్మ హోటల్ గదిలో కూర్చుండిపోతే మీలో ఒకరు ఆమెకు తోడు ఉండాల్సిందే. అప్పుడు ఆరుగురి ప్రయాణం నలుగురిది అయిపోతుంది.

ముందు ఒక ఆదివారం అందరూ కలిసి రామప్పకు పోయి రండి. మీ ఇంటి నుంచి కారులో డెబ్బై కిలోమీటర్ల దాకా ఉంటుంది. గుడి చూడటం ఎలాగూ మంచిదే, నేను చెప్పేది మాత్రం ఇంకో పని కోసం. అత్తమ్మ ఎంతసేపు నడిచాక కూర్చోవడానికి చోటు వెతుక్కుంటున్నారు, మెట్లు ఎక్కడం కష్టమా దిగడం కష్టమా, మామయ్యకు దారిలో ఎన్నిసార్లు బాత్రూం కోసం ఆగాల్సి వచ్చింది, భోజనం ఆలస్యమైతే ఆయనకు కళ్లు తిరుగుతున్నాయా, ఇవన్నీ గమనించండి. ఇంటికొచ్చాక రాసిపెట్టుకోండి. ఏ ట్రావెల్స్ ఆఫీసులోనూ మీకు ఇంత పనికొచ్చే సమాచారం దొరకదు.

ఇక ఆ మూడు దేశాల ప్యాకేజీ. వద్దని గట్టిగా చెబుతున్నాను. కాగితం మీద ఏడు రోజులంటే బాగానే కనిపిస్తుంది. సింగపూర్ నుంచి కౌలాలంపూర్ దాదాపు 350 కిలోమీటర్లు. చాలా ప్యాకేజీల్లో బస్సులోనే తీసుకెళ్తారు. సరిహద్దులో సామానుతో సహా దిగి, రెండు చోట్ల ఇమిగ్రేషన్ వరుసల్లో నిలబడి, మళ్లీ బస్సెక్కాలి. అక్కడి నుంచి బ్యాంకాక్‌కు విమానం, మళ్లీ పట్టాయాకు రెండు గంటల రోడ్డు. రోజు మార్చి రోజు సూట్‌కేసు సర్దడమే పనవుతుంది. పైగా సంక్రాంతి సెలవులు బడికి వారం కంటే ఎక్కువ రావు. ఒక్క దేశం, వీలైతే ఒక్క ఊరు, ఒక్క హోటల్. సామాను ఒకసారి విప్పాలి, ఒకసారి సర్దాలి. పెద్దవాళ్లతో మొదటి ప్రయాణానికి ఇంతకు మించిన సూత్రం నాకు తెలియదు.

ఇప్పుడు జనవరి నెల సంగతి చూద్దాం. ఫొటోల్లో అన్ని దేశాలూ ఎండలో మెరుస్తుంటాయి కానీ ప్రతి చోటికీ ఒక కాలం ఉంటుంది. బాలిలో నవంబర్ నుంచి మార్చి దాకా వానాకాలం. గుళ్లు చూడాలంటే మెట్లు ఎక్కువ, రోడ్ల మీద ట్రాఫిక్ ఎక్కువ. అత్తమ్మకు అది కుదరదు, వదిలేయండి. మీవారు ఎప్పుడైనా ఉగాది సెలవుల్లో బాలి అంటే ఒక మాట గుర్తుంచుకోండి. మన ఉగాది దరిదాపుల్లోనే అక్కడ న్యేపి అని కొత్త సంవత్సరం జరుపుకుంటారు. ఆ రోజు ఇంట్లోంచి ఎవరూ బయటికి రారు, విమానాశ్రయం కూడా మూసేస్తారు.

థాయ్‌లాండ్‌కు నవంబర్ నుంచి ఫిబ్రవరి మంచి కాలమే. మనవాళ్లకు వీసా వెసులుబాటు కూడా ఇచ్చారు. ఆ నిబంధన మాత్రం మారుతుంటుంది, టికెట్ కొనే ముందు రాయబార కార్యాలయం వెబ్‌సైట్‌లోనే చూసుకోవాలి. 2025 మే నుంచి అక్కడికి పోయే ముందు డిజిటల్ అరైవల్ కార్డు, అంటే ఆ దేశంలోకి వచ్చేవాళ్ల వివరాల పత్రం, ఆన్‌లైన్‌లో నింపడం తప్పనిసరి. చిక్కు తిండి దగ్గర. అక్కడి కూరగాయల వంటలో కూడా చేపల సాస్ పడుతుంది, ‘వెజ్’ అని చెప్పినా వంటవాళ్లు దాన్ని మాంసం కింద లెక్క వేయరు. ‘జే’ అని పసుపు రంగు జెండా పెట్టిన చోట పూర్తి శాకాహారం దొరుకుతుంది. ఇక పట్టాయా విషయానికొస్తే, అత్తమామలతో, పిల్లలతో పోయే చోటని నాకు అనిపించదు.

దుబాయ్ గురించి జాగ్రత్తగా చెబుతాను, ఎందుకంటే అక్కడ మీ తమ్ముడున్నాడు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు గల్ఫ్‌లో మనిషి లేని ఊరు దొరకడం కష్టం. అయినా వాళ్లుండే చోటును చూసి వచ్చిన ఇంటివాళ్లు చాలా తక్కువ. జనవరిలో దుబాయ్ వాతావరణం హాయిగా ఉంటుంది, మన భోజనం దొరుకుతుంది, విమానం నాలుగు గంటలే. అబుదాబిలో 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన స్వామినారాయణ మందిరం అత్తమ్మకు నచ్చుతుంది. అయితే కంపెనీ గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉంటారు, అక్కడ ఆరుగురు దిగడం కుదరదు. హోటల్ ఖర్చు ఎలాగూ తప్పదు. తమ్ముడికి వారంలో ఒక్కరోజే సెలవైతే, మీరు అంత దూరం పోయి అతన్ని ఒక్క పూట చూసి వస్తారు. ముందు అతన్ని అడగండి, ఆ వారం సెలవు పెట్టగలడా అని. పెట్టగలిగితే దుబాయ్‌కే పోండి, నేను చెప్పే మిగతా లెక్కలన్నీ పక్కన పెట్టండి. అక్కా తమ్ముళ్లు కలవడం ముందు చూసే వింతలు చిన్నవే. ఒక్క జాగ్రత్త: వంట సామాన్లలో గసగసాలు అక్కడికి నిషేధం. తమ్ముడి కోసం మసాలా పొట్లం కట్టేటప్పుడు అది పడకుండా చూడండి.

మీ జాబితాలో లేని దేశం ఒకటి అత్తమ్మ తరఫున నేనే కలుపుతున్నాను, శ్రీలంక. అష్టాదశ శక్తిపీఠాల్లో మొదట చెప్పుకునే శాంకరీదేవి పీఠం అక్కడి ట్రింకోమలీలో ఉంది. అలంపూర్ జోగులాంబను దర్శించుకున్న మనిషికి ఆ పేరు చెప్పి చూడండి, ‘మీరు ఎటు తీస్కపోతే అటే’ అన్న మాట మారవచ్చు. నువర ఎలియ దగ్గర సీతమ్మ గుడి కూడా ఉంది. ప్రయాణం రెండు గంటల చిల్లరే. అయితే జనవరి దీనికి సరైన నెల కాదు. ట్రింకోమలీ తూర్పు తీరంలో ఉంది, అక్టోబర్ నుంచి జనవరి దాకా ఆ వైపు ఈశాన్య రుతుపవనాల వానలు. కొలంబో నుంచి రోడ్డు మీద ఆరు గంటల దాకా పడుతుంది. 2025 నవంబర్ చివర్లో దిత్వా తుపానుకు మధ్య కొండల్లో కొండచరియలు విరిగిపడి రోడ్లు, రైలు మార్గం బాగా దెబ్బతిన్నాయి. పోయే ముందు ఆ దారుల పరిస్థితి కనుక్కోవాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా తూర్పు తీరం పొడిగా ఉంటుంది, మీ వేసవి సెలవులకు సరిగ్గా సరిపోతుంది. సిగిరియా కొండ మాత్రం ఎక్కించకండి, దాదాపు 1,200 మెట్లు. అక్కడి కొబ్బరి పచ్చడి మన కొబ్బరి పచ్చడిలాగే కనిపిస్తుంది కానీ అందులో ఎండు చేపల పొడి కలుపుతారు, అడిగి మరీ తినాలి. జనవరి పట్టుదల లేకుండా మే వరకు ఆగగలిగితే, నా మొదటి ఓటు శ్రీలంకకే.

జనవరిలోనే పోవాలి, తమ్ముడికి సెలవు దొరకదు అంటే, సింగపూర్. పిల్లలు అడిగారని కాదు. అక్కడ ప్రతి మెట్రో స్టేషన్‌లోనూ లిఫ్టు ఉంటుంది, చక్రాల కుర్చీ ఎక్కడికైనా పోతుంది, కుళాయి నీళ్లు తాగొచ్చు, శుభ్రమైన బాత్రూంలు అడుగడుగునా ఉంటాయి. షుగర్ ఉన్న 71 ఏళ్ల మనిషికి ఈ చివరి రెండూ ఎంత ముఖ్యమో రామప్పకు పోయి వచ్చేసరికి మీకే తెలుస్తుంది. తమిళం అక్కడ అధికార భాషల్లో ఒకటి. జనవరి మొదట్లో వానలుంటాయి, గొడుగులు తప్పనిసరి. చూసేవాటిలో సగం కప్పు కిందే ఉంటాయి కాబట్టి వాన వల్ల రోజు పాడవదు.

హోటల్ లిటిల్ ఇండియాలో గానీ ఫారర్ పార్క్ స్టేషన్ దగ్గర గానీ తీసుకోండి. సెరంగూన్ రోడ్డు మీద ఇడ్లీ, దోసె, భోజనం రాత్రి దాకా దొరుకుతాయి. 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్ అక్కడే ఉంది. గది తీసుకునేటప్పుడు రెండు మాటలు తప్పకుండా అడగండి: లిఫ్టు ఉందా, గదికి కిటికీ ఉందా? ఆ ప్రాంతంలో పాత దుకాణపు ఇళ్లను హోటళ్లుగా మార్చారు. కొన్నిట్లో లిఫ్టు ఉండదు, చవక గదులకు కిటికీ ఉండదు. గదులు చిన్నవి, మీ ఆరుగురికి మూడు కావాలి. ఆరు లక్షల్లో టికెట్లకు, గదులకే సగానికి పైగా పోతుందని లెక్క వేసుకోండి. అందుకే సెలవుల తేదీలు తెలియగానే టికెట్లు, రద్దు చేసుకోగలిగే షరతు మీద గదులు తీసి పెట్టుకోవాలి.

రోజుకు ఒక్కటే పెద్ద కార్యక్రమం పెట్టుకోండి. మధ్యాహ్నం భోజనం తర్వాత రెండు గంటలు గదికి వచ్చి పడుకోవాలి, సాయంత్రం మళ్లీ బయల్దేరాలి. జూలో తిరగడానికి ట్రామ్ బండి ఉంది, అత్తమ్మ కూర్చుని చూడొచ్చు. గార్డెన్స్ బై ద బేలో అద్దాల గుమ్మటాల లోపల చల్లగా ఉంటుంది. బయట పెద్ద ఇనుప చెట్ల దగ్గర రాత్రి 7.45కు, 8.45కు పాటలతో దీపాల ప్రదర్శన ఉచితం. యూనివర్సల్ స్టూడియోస్ అనే వినోద పార్కుకు ఆరు టికెట్లు కొనకండి, అక్కడ డబ్బు, కాళ్లు రెండూ పోతాయి. మీలో ఒకరు పిల్లల్ని తీసుకుపోండి, ఇంకొకరు పెద్దవాళ్లతో సెరంగూన్ రోడ్డు మీది శ్రీనివాస పెరుమాళ్ గుడికి పోండి. మధ్యాహ్నం గుళ్లు మూస్తారు, పొద్దున్నే పోవాలి. మీరు పోయేది సంక్రాంతి రోజుల్లో కాబట్టి లిటిల్ ఇండియా వీధులు పొంగల్ దీపాలతో నిండి ఉంటాయి. పండుగ పూట ఇల్లు వదిలి వచ్చామన్న దిగులు అత్తమ్మకు అక్కడ కొంత తగ్గుతుంది. తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్టుకు రెండు గంటలు ముందుగా పోయి, పక్కనే ఉన్న జ్యువెల్‌లో 40 మీటర్ల ఎత్తు నుంచి దూకే జలపాతం చూపించండి. దాన్ని చూడటానికి టికెట్ లేదు.

ఇవన్నీ పాస్‌పోర్టుల తర్వాతి మాటలు. ఈ వారమే మొదలుపెట్టాల్సిన పని అది. దరఖాస్తుకు ముందు ఆరుగురి ఆధార్ కార్డులూ బల్ల మీద పరిచి చూడండి. మన ఇళ్లలో పెద్దావిడల కార్డుల మీద ఒకచోట ఉత్త పేరు, ఇంకోచోట ఇంటిపేరు పొడి అక్షరం, ఓటరు కార్డులో మరో స్పెల్లింగ్ ఉంటాయి. పుట్టిన తేదీకి బదులు సంవత్సరం ఒక్కటే ఉన్న కార్డులూ ఉన్నాయి. ముందు ఆధార్ కేంద్రంలో ఇంటిపేరు పూర్తిగా, పుట్టిన తేదీ పూర్తిగా వచ్చేలా సరిచేయించండి, పాన్ కార్డు కూడా దానికి సరిపోవాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదలొద్దు. ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టుతో దుబాయ్ విజిట్ వీసా రాదు. పెద్దవాళ్లకు జనన ధ్రువపత్రం లేదని కంగారు పడకండి, వాళ్ల వయసువాళ్లకు పుట్టిన తేదీ ఉన్న పాన్, ఓటరు కార్డు లాంటివి చెల్లుతాయి. అత్తమ్మ పదో తరగతి చదవలేదన్నదీ అడ్డు కాదు, 50 ఏళ్లు దాటినవాళ్లకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (కొన్ని దేశాలకు పనికి పోయేవాళ్లకు కావలసిన ప్రభుత్వ అనుమతి) గొడవ ఉండదు.

దరఖాస్తు పాస్‌పోర్ట్ సేవ అధికారిక వెబ్‌సైట్‌లోనే చేయండి, అదే పేరుతో కనిపించే దొంగ సైట్లు ఉన్నాయి. వరంగల్ పోస్టాఫీసులోని పాస్‌పోర్టు సేవా కేంద్రంలో స్లాట్ దొరికితే సరే, ఆలస్యమయ్యేట్టుంటే కరీంనగర్ కేంద్రం చూడండి. మామూలు ఫీజు పెద్దవాళ్లకు 1,500, మీ పిల్లలకు 1,000 రూపాయలు. అరవై దాటినవాళ్లకు కొత్త పాస్‌పోర్టు మీద పది శాతం తగ్గింపు ఉంది. తత్కాల్‌కు మరో 2,000 అవుతుంది, మీకు అక్కర్లేదు. పిల్లల దరఖాస్తులో తల్లిదండ్రులిద్దరి సంతకాలతో డిక్లరేషన్ ఇవ్వాలి. పోలీసు విచారణకు వచ్చే రోజు పెద్దవాళ్లు ఊరెళ్లకుండా ఇంట్లోనే ఉండేలా చూసుకోండి.

మీరు ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి మీ పాస్‌పోర్టుకు ఇంకో కాగితం కావాలి. పాస్‌పోర్టుకు దరఖాస్తు చేస్తున్నానని పైఅధికారికి ముందుగా తెలియజేసే ఉత్తరం, అంటే అనెగ్జర్ హెచ్, ఇస్తే సరిపోతుంది. ప్రయాణానికి అనుమతి వేరే. హెడ్మాస్టరు ద్వారా డీఈఓ ఆఫీసుకు అర్జీ పెట్టి, ఫైలు ఎంతదాకా పోవాలో అక్కడే అడగండి. సెలవులే కదా, చెప్పకుండా పోయి వద్దామని కొందరు సలహా ఇస్తారు. ఆ మాట వినకండి. ఉద్యోగానికి సంబంధించిన విషయం ఇది. పాస్‌పోర్టు చేతికి వచ్చిన వెంటనే అర్జీ పెడితే జనవరికి టెన్షన్ ఉండదు.

సింగపూర్ వీసాకు ప్రయాణానికి నెలలోపు దరఖాస్తు చేస్తారు, గుర్తింపు ఉన్న ఏజెంట్ల ద్వారానే చేయాలి. వీసా ఫీజు 30 సింగపూర్ డాలర్లు, పైన ఏజెంటు ఫీజు ఎంతో ముందే అడగండి. చేరే రోజుతో కలిపి మూడు రోజుల ముందు నుంచి ఎస్‌జీ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపొచ్చు. అది ఉచితం. ఎవరైనా డబ్బులు అడిగితే ఆ సైటు మూసేయండి.

డబ్బు సంగతి క్లుప్తంగా. ఆరు లక్షలు దాటితే పర్సనల్ లోన్ తీసుకుని పోవద్దు, రోజులు తగ్గించుకోండి. ప్యాకేజీ కొంటే దాని మీద టీసీఎస్, అంటే అమ్మేవాళ్లే ముందుగా పట్టుకునే పన్ను, వసూలు చేస్తారు. రేటు బడ్జెట్‌లో మారుతుంటుంది, ఎంతో అడిగి రసీదు తీసుకోండి. ఎవరి పాన్ ఇస్తే వాళ్ల ఖాతాలో పడుతుంది కాబట్టి రిటర్ను వేసే మీ పాన్ గానీ మీవారిది గానీ ఇవ్వండి, పన్నులో సర్దుకోవచ్చు లేదా వెనక్కి రాబట్టొచ్చు. అక్కడి ఖర్చుకు ఒక ఫారెక్స్ కార్డు (ముందే విదేశీ డబ్బు నింపుకునే కార్డు), కొంత నగదు చాలు. బ్యాంకు కార్డు ఒకటి అత్యవసరానికి ఉంచుకుని, దానికి విదేశీ వాడకం యాప్‌లో ఆన్ చేయండి, మన కార్డులకు అది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. మీవారి దగ్గర ఒకటి, మీ దగ్గర ఒకటి విడివిడిగా పెట్టుకోండి. దుకాణంలో మిషను ‘రూపాయల్లోనా, డాలర్లలోనా’ అని అడిగితే డాలర్లే నొక్కండి. రూపాయలు నొక్కితే మారకం రేటు వాళ్లిష్టం, మనకే నష్టం. బ్యాంకు ఓటీపీలు మీ నంబరుకే వస్తాయి కనుక ఒక ఫోనుకైనా రోమింగ్ ప్యాక్ వేయించండి.

ఇన్సూరెన్స్ దగ్గర మాత్రం పొదుపు చేయకండి. మీ ఉద్యోగుల హెల్త్ కార్డు మన దేశం దాటితే పనిచేయదు. సింగపూర్‌లో ఆసుపత్రి ఖర్చు చాలా ఎక్కువ. మామయ్య షుగర్, బీపీ దాచకుండా రాయించి, పాత జబ్బుల వల్ల వచ్చే అత్యవసర చికిత్సకు కూడా వర్తించే పాలసీ తీసుకోండి. నాలుగు వందలు తక్కువని ఇంకోటి కొంటే, ఆ ఒక్క షరతు దగ్గరే క్లెయిము ఆగిపోతుంది.

మందులన్నీ స్ట్రిప్పులతో సహా, డాక్టరు చీటీతో చేతి సంచిలోనే ఉండాలి. చీటీ మీద మందు అసలు పేరు ఇంగ్లిష్‌లో స్పష్టంగా రాయించండి. ఇన్సులిన్ వాడుతుంటే దాన్ని లగేజీలో వేయొద్దు, కింద సామాను గదిలో గడ్డకట్టొచ్చు. నిద్ర మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందు లాంటివాటికి సింగపూర్‌లో ముందస్తు అనుమతి కావాలి. ఇంట్లో ఎవరికైనా అలాంటి మందు ఉంటే ఇప్పుడే డాక్టరుతో మాట్లాడి ప్రత్యామ్నాయం అడగండి. మామయ్యకు జర్దా అలవాటుంటే అది కూడా ఇక్కడే ఆగాలి. నమిలే పొగాకు, గుట్కా అక్కడ నిషేధం. వేప్ సిగరెట్ కూడా అంతే. చూయింగ్ గమ్ తీసుకుపోనివ్వరు, పిల్లల జేబులు చూడండి. మెట్రోలో తినడం, తాగడం జరిమానా పడే తప్పు, నీళ్ల సీసా కూడా స్టేషన్ బయటికి వచ్చాకే తీయాలి.

సంక్రాంతి కాబట్టి ఇంట్లో సకినాలు, అరిసెలు, గరిజెలు ఎలాగూ చేస్తారు. డబ్బా నిండా తీసుకుపోండి, విమానం దిగి హోటల్ చేరేదాకా, గుడి నుంచి జూకు పోయే దారిలో అత్తమ్మకు అవే ఆధారం. పచ్చడి కావాలంటే మూత బిగించి, రెండు కవర్లలో చుట్టి లగేజీలో పెట్టండి, చేతి సంచిలో ఒప్పుకోరు. కుడుకలు మాత్రం వద్దు. నూనె ఎక్కువగా ఉండి మంట అంటుకునే గుణం ఉంది కాబట్టి ఎండు కొబ్బరిని విమానాల్లో రానివ్వరు, సంచి విప్పించి తీయిస్తారు. పవర్ బ్యాంకుది పచ్చడికి పూర్తిగా విరుద్ధం. అది లగేజీలో వేయకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. టికెట్ బుక్ చేసేటప్పుడే అత్తమ్మకు వీల్‌చైర్ సాయం, శాకాహార భోజనం రాయించండి. వీల్‌చైర్ అంటే ఆమె ‘నాకెందుకు, నేను నడుస్త’ అంటారు. శంషాబాద్‌లో కౌంటరు నుంచి గేటు దాకా నడక, వరుసలు ఎక్కువని ముందే నచ్చజెప్పండి. వీల్‌చైర్‌తో పోయేవాళ్ల పక్కన ఇంటివాళ్లు కూడా ఉండొచ్చని చెప్పండి, ఒంటరిగా తీసుకుపోతారన్న భయమే వాళ్లకు ఎక్కువ.

బంగారం తగ్గించండి. మంగళసూత్రం, చిన్న కమ్మలు చాలు. ఎక్కువ నగలతో పోక తప్పకపోతే, పోయేటప్పుడే ఎయిర్‌పోర్టు కస్టమ్స్ దగ్గర చూపించి కాగితం రాయించుకుంటే తిరిగి వచ్చేటప్పుడు అవి అక్కడ కొన్నవేమో అన్న ప్రశ్న రాదు.

మామునూరు విమానాశ్రయానికి 2025లో కేంద్రం అనుమతి వచ్చింది కానీ మీ ప్రయాణానికి శంషాబాదే దిక్కు. రైల్లో సికింద్రాబాద్ దిగి మళ్లీ బస్సెక్కడం పెద్దవాళ్లతో, ఆరుగురి సామానుతో కష్టం. పెద్ద బండి ఒకటి మాట్లాడుకుని, ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే ఊళ్లోకి పోకుండా నేరుగా శంషాబాద్ చేరతారు. దారిలో ఒకసారి ఆగడంతో కలిపి నాలుగు గంటలు వేసుకోండి, విమానానికి మూడు గంటల ముందు అక్కడ ఉండాలి. అంటే విమానం టైముకు ఏడు గంటల ముందు ఇల్లు కదలాలి. పండుగ ముందు రోజైతే ఇంకో గంట కలపండి, హైదరాబాద్ నుంచి ఊళ్లకు వచ్చే బండ్లతో ఆ రోడ్డు నిండిపోతుంది.

వీలైతే పగటి విమానం చూడండి. అర్ధరాత్రి బయల్దేరే విమానం అక్కడికి పొద్దున్నే దించుతుంది, హోటళ్లు గది ఇచ్చేది మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు. సింగపూర్ టైము మనకంటే రెండున్నర గంటలు ముందు, ఆ మేరకు నిద్ర కూడా తగ్గుతుంది. రాత్రి విమానమే దొరికితే ఉదయం గది ఇవ్వమని ముందే అడిగి, కొంచెం ఎక్కువైనా కట్టి ఖాయం చేసుకోండి. మామయ్య షుగర్ మందులు ఆ రోజు ఏ టైముకు వేసుకోవాలో డాక్టరును అడిగి ఒక కాగితం మీద రాయించుకోండి. అదే కాగితం వెనక హోటల్ పేరు, చిరునామా, మీ ఇద్దరి ఫోను నంబర్లు ఇంగ్లిష్‌లో రాసి ఆయన జేబులో ఒకటి, అత్తమ్మ చేతి సంచిలో ఒకటి, పిల్లల దగ్గర ఒక్కొక్కటి పెట్టండి. అక్కడ అంబులెన్స్‌కు 995, పోలీసులకు 999. పాస్‌పోర్టుల ఫొటోలు మీ ఇద్దరి ఫోన్లలో, జిరాక్సులు వేరే సంచిలో ఉంచండి. పాస్‌పోర్టు పోతే పోలీసు రిపోర్టు తీసుకుని భారత హైకమిషన్‌కు పోతే ఇంటికి తిరిగి రావడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు.

తిరుగు టికెట్ మాత్రం బడి తెరిచే రోజుకు రెండు రోజుల ముందుకు తీయండి. మీకు, పిల్లలకు ఒక రోజు విశ్రాంతి కావాలి, విమానం ఆలస్యమైనా మీ హాజరుకు ఇబ్బంది రాదు. ఆధార్ కార్డుల్లో పేర్లు ఎలా ఉన్నాయో, తమ్ముడు సెలవు గురించి ఏమన్నాడో మళ్లీ రాయండి, దాన్ని బట్టి తేదీలు, రోజువారీ వరుస కలిసి చూద్దాం.